హాల్లో వేలాడుతున్న సైకిలు

పోయిన ఫిబ్రవరి పందొమ్మిదో తారీఖు మధ్యాహ్నం, ఆవ పెట్టిన పనసపొట్టు కూరా మజ్జిగపులుసూ తిని, చెయ్యి కడుక్కుంటూ నేనొక మహాసత్యం కనుక్కున్నాను. ఒకదానికొకటి పట్టని సైకిల్ భాగాలు తయారుచేసే కంపెనీలవాళ్ళు మానవజాతికి చేస్తున్నంత మేలు ఇంకెవరూ చెయ్యడం లేదు!

నవ్వకండి. సైకిలంటే మీ దృష్టిలో షాపుకెళ్ళి, బెల్లు కొట్టి చూసి, తొక్కుకుంటూ ఇంటికి తెచ్చుకునే వస్తువు. పాపం, మీరింకా వెనకబడే ఉన్నారు. ఇప్పుడు సైకిలు కొనరండీ, కడతారు. ఫ్రేము ఒక దేశం నుంచి, చక్రాలు ఇంకో దేశం నుంచి, గేర్లు మరో దేశం నుంచి వచ్చి మీ హాల్లో కలుసుకుంటాయి. కలుసుకుని, మాకు పడదంటాయి. అసలు ఆనందం అక్కడ మొదలవుతుంది.

నాది ఎలా మొదలైందో చెబుతాను. షుగరు అంచుల్లో ఉంది, సైకిల్ తొక్కండి అన్నారు డాక్టరుగారు. ఆయ్ అన్నాను. మా వైపు సరే అనడమంటే ఆయ్ అనడమే. డాక్టరుగారి మాట కువైట్‌లో ఉన్న మా మేనల్లుడు నాగసతీష్‌కి ఫోన్లో చెప్పాను.

"రెడీమేడ్ ఎందుకండీ మావయ్యగారూ! మంచి రోడ్ బైకు కట్టించేద్దాం. మీ ఒంటికి తగ్గట్టు ఉంటది. గేర్ల సెట్టు నేను పంపిస్తాను."

ఆయ్ అన్నాను.

కాలవల శాఖలో ఇంజినీరుగా చేసి రిటైరైన గోవిందరాజులుగారు మా వెనక వీధిలో ఉంటారు. ఆయన ఆ సాయంత్రం గేటు దగ్గర ఆగి, "బావగారూ, డిస్కు బ్రేకుకి చోటున్న ఫ్రేమే తీసుకోవాలండి. వానలో బండి ఆగాలా వద్దా?" అన్నారు. ఆగాలి కదా! ఆయ్ అన్నాను.

మర్నాడు జ్ఞానప్రకాశంగారు వచ్చారు. నేను కాలేజీ లైబ్రరీలో పనిచేసిన రోజుల్లో ఆయన ఫిజిక్సు చెప్పేవారు. "డిస్కులూ గిస్కులూ మనకెందుకండీ మాస్టారూ? రిమ్ముని రెండు పక్కలా పట్టుకునే బ్రేకు చాలు. ఆ రకం చక్రాలు దూదిపింజలండి!" అన్నారు. ఫిజిక్సు ఆయన చెబుతూంటే లైబ్రరీవాణ్ణి నేను కాదంటానా? ఆయ్!

మా అమలాపురంలో ఒక పెద్దమనిషి ఇంటికొచ్చి సలహా ఇస్తే వద్దనడమంటే, విస్తరి ముందు కూర్చున్నవాణ్ణి లెమ్మన్నంత పని. అందుకని ముగ్గురి మాటా నిలబెట్టాను. ముగ్గురు చెప్పినవీ తెప్పించాను.

పైన చెప్పిన పందొమ్మిదో తారీఖున, భోజనానికి ముందే అన్నీ దిగాయి. ఫ్రేముకి రిమ్ము బ్రేకు బిగించే చోటు లేదు. చక్రాలకి డిస్కు తగిలించే చోటు లేదు. ఫ్రేములో ఇరుసు దూరే రంధ్రం బొటనవేలంత ఉంటే, చక్రంతో వచ్చిన ఇరుసు పెన్సిలంత ఉంది. నాగసతీష్ పంపిన పళ్ళచక్రాల గుత్తి ఆ చక్రం మీదికి ఎక్కనని భీష్మించుకుంది.

ఇది చాలదన్నట్టు, ఫ్రేము సైజు. దానికి కాలి లోపలి కొలత కావాలన్నారు. కొలతంటే మాకు బంగారయ్య. ముప్ఫై ఏళ్ళుగా నా ప్యాంట్లన్నీ కుట్టినవాడు. శ్రద్ధగా కొలిచాడు, చీటీ మీద రాసిచ్చాడు. ఫ్రేము వచ్చాక చూస్తే నా కాళ్ళు వేళ్ళ మీద తప్ప నేలకి ఆనవు! పిలిచి అడిగాను.

"రెండంగుళాలు ఎక్కువ వదిలేనండి. ఉతికితే పొట్టైపోతది కదండీ," అన్నాడు.

నిష్కల్మషమైన మొహం. ఏమంటాం? రెండుసార్లు ఉతికాం. పొట్టవలేదు.

దాంతో ఆ ఫ్రేముని హాల్లో ఉయ్యాలబల్ల తీసేసిన కొక్కేనికి వేలాడదీశాను. అది మొదలు మా ఇంటికి పట్టిన మహర్దశ ఏమని చెప్పను!

ముందుగా ఆరోగ్యం. పట్టని భాగాలు వెనక్కి పంపడానికి కొరియర్ ఆఫీసుకి నడిచాను. మారుగా వచ్చినవీ పట్టకపోతే మళ్ళీ నడిచాను. మూడు నెలలకి డాక్టరుగారు రిపోర్టు చూసి, "చూసేరా, సైకిలు ఎంత బాగా పనిచేసిందో!" అన్నారు. ఆయ్ అన్నాను. పూర్తయిన సైకిలు ఇంత మేలు చేస్తుందా? దాని మీద కూర్చోవాలి కూడాను.

తరవాత ప్రాణరక్షణ. రోడ్ బైకుకి అన్నిటికన్నా ముఖ్యమైన భాగం రోడ్డు. అది మాత్రం ఏ వెబ్‌సైటులోనూ దొరకదు. ఈ ఫ్రేములో పట్టే టైరు నా బొటనవేలి కన్నా కాస్త లావు. అల్లవరం దారిలో గుంతలేమో రొయ్యల చెరువులకి తోబుట్టువులు. ఈ వానల్లో నా సైకిలు పూర్తయి ఉంటే, నేనూ అదీ కలిసి ఏదో ఒక గుంతలో దిగి, రొయ్యల్లో కలిసి ఐసు పెట్టెలో ఎగుమతైపోయేవాళ్ళం. కాపాడింది ఎవరు? పట్టని ఇరుసు!

ఇక గృహోపయోగం. చక్రం మీద తడిగుడ్డ పరిచి పక్కింటి వీరదుర్గ గుమ్మడికాయ వడియాలు పెట్టింది. గాలి కింద నుంచీ ఆడుతుంది కాబట్టి ఇంత కరకరలాడే వడియాలు జిల్లాలో లేవు. వంపు తిరిగిన హ్యాండిల్‌కి కండువాలు వేస్తాం. సీటుకి పట్టే గొట్టం దొరకలేదు కాబట్టి అది పీట మీద విడిగా కూర్చుంటుంది. ఒక శుక్రవారం దానికి బొట్టు కూడా పెట్టి ఉంది. ఎవరు పెట్టారో నేను అడగలేదు.

కానీ అన్నిటికన్నా గొప్ప మేలు సాయంత్రాలది. అయిదున్నరకి గేటు చప్పుడవుతుంది. గోవిందరాజులుగారు వచ్చి ఫ్రేము కింద కుర్చీ వేసుకుంటారు. జ్ఞానప్రకాశంగారు వచ్చి చక్రం పక్కన. మా ఆవిడ పద్మావతి దగ్గర కాఫీ కలపడం నేర్చుకున్న వీరదుర్గ పాలు తెచ్చి, గ్లాసులు అందిస్తుంది. అప్పుడు మొదలు.

"మీ చక్రాలు మార్చేస్తే సరిపోతదండీ, ప్రకాశంగారూ."

"మీ ఫ్రేము మార్చేస్తే ఇంకా తొందరగా సరిపోతది కదండీ."

"ఫ్రేమంటే కుటుంబ యజమానండి. చక్రాలదేముంది, వస్తా పోతా ఉంటాయి!"

"చక్రాల్లేని యజమాని ఆ కొక్కేనికే వేలాడతాడండి. చూస్తన్నాం కదా!"

చెప్పండి, పట్టిన ఇరుసు ఎవరినైనా ఇంతసేపు కూర్చోబెట్టిందా?

కంపాటిబిలిటీ అంటారు దీన్ని. సరిపోవడం. పెళ్ళిళ్ళలో ముప్ఫై ఆరు గుణాలకి సగం కలిస్తే చాలంటారు. సైకిలు దగ్గర ముప్ఫై అయిదున్నర కలిసినా మిగిలిన అరమిల్లీమీటరు పంచాయితీ పెడుతుంది. పద్మావతికీ నాకూ అయితే సగం కూడా కలవలేదు. ఆవిడకి ఫ్యాను అయిదులో ఉండాలి, నాకు ఒకటిలో. ఎప్పుడూ ఏ అడాప్టరూ కొనలేదు. మూడులో పెట్టుకుని కాపురం చేశాం. ఇప్పుడు ఒకటిలో పెట్టుకోవడానికి నాకు అడ్డులేదు. కానీ మూడులోనే తిరుగుతోంది.

సరే, సైకిలు సంగతికి వద్దాం.

ఇంత సుభిక్షంగా ఉన్న ఇంటి మీద శ్రావణమాసంలో పిడుగు పడింది. నాగసతీష్ సెలవు మీద వచ్చాడు! వస్తూ వస్తూ ఫ్రేముకి సరిగ్గా పట్టే చక్రాలు, వాటికి సరిగ్గా పట్టే డిస్కులు, సీటు గొట్టం, సమస్తం సూట్‌కేసులో సర్దుకొచ్చాడు. కన్నతల్లికి చీర తెచ్చాడో లేదో తెలియదు.

"మావయ్యగారూ, ఇన్నాళ్ళూ మిమ్మల్ని ఇబ్బంది పెట్టేసేనండి. ఇవ్వాళ ఎలాగైనా మిమ్మల్ని దీని మీద ఎక్కించి గాని రాజోలు వెళ్ళను. అత్తారింట్లో చెప్పేసొచ్చేను."

ఆయ్ అన్నాను. కండువాతో మొహం తుడుచుకున్నాను. సంతోషమనుకున్నాడు.

అన్నీ పట్టాయండీ! ఒక్కొక్కటీ క్లిక్కుమంటూ, సిగ్గు లేకుండా వెళ్ళి కూర్చుంది. సీటు అడుగంటా దించితే నా కాళ్ళు కూడా దాదాపు ఆనాయి. గోవిందరాజులుగారు కాఫీ అడుగుదాకా తాగి గ్లాసు బోర్లించారు. జ్ఞానప్రకాశంగారు తను ఇప్పించిన చక్రాల వైపు, వాటి మీది వడియాల వైపు చూసి, "అయిపోయినట్టేనండి, ఇంక," అన్నారు. కండువా భుజాన వేసుకున్నారు కూడా. హాలంతా ఒక్కసారి పెద్దదైపోయినట్టనిపించింది.

"ఎక్కండి మావయ్యగారూ," అన్నాడు నాగసతీష్. అని, కిందికి చూసి ఆగిపోయాడు. "పెడళ్ళేవండీ?"

అందరం చూశాం. నిజమే. లేవు!

"వీటితో పాటు పెడళ్ళు రావండి. విడిగా కొనుక్కోవాలి. మర్చేపోయేను," అని తల పట్టుకున్నాడు.

"అయ్యయ్యో!" అన్నాను నేను. బాగానే అన్నాననుకుంటాను.

"ఏం పరవాలేదండి. షాపులో ఏదో ఒక జత తెచ్చి బిగించేసుకోండి..."

"ఏదో ఒకటేంటయ్యా!" గోవిందరాజులుగారు లేచారు. "చదునైనవి పెట్టాలి. చెప్పులేసుకుని తొక్కాలా వద్దా?"

జ్ఞానప్రకాశంగారు కండువా తీసి మళ్ళీ హ్యాండిల్ మీద వేశారు. "బూటుకి బిగుసుకునేవి ఉంటాయి కదండీ, అవే శాస్త్రీయం. కాలు జారదు!"

"కాలు ఊడి రాకపోతే మనిషి రోడ్డు మీద పడతాడండి!"

"పడితే లేవొచ్చండి. జారితే ఎలాగ?"

నాగసతీష్ చీకటి పడేదాకా చూసి, దణ్ణం పెట్టి రాజోలు వెళ్ళిపోయాడు. ఇద్దరికీ ఆయ్ అన్నాను. ఇప్పుడు కుడివైపుకి ఆయన చెప్పినదీ, ఎడమవైపుకి ఈయన చెప్పినదీ పెట్టి చూడాలని ఒప్పందం కుదిరింది. ఒక్కొక్కటిగా అమ్మరట. వెతుకుతున్నాం. సైకిలు మళ్ళీ కొక్కేనికెక్కింది.

కాబట్టి పాఠకులారా, పట్టని భాగాలను తిట్టుకోకండి. మీ ఇంట్లో అన్నీ చక్కగా పట్టేశాయంటే మీ గేటు ఎవరు తీస్తారు? పద్మావతి పెద్దకర్మ నాడు మా వీధి వీధంతా వచ్చింది. "ఏ అవసరమొచ్చినా మొహమాటపడకండి" అని ప్రతివాళ్ళూ చెయ్యి పట్టుకుని చెప్పారు. మనస్ఫూర్తిగానే చెప్పారు. ఆ తరవాత అవసరం కోసం కాచుకుని ఎవరిళ్ళల్లో వాళ్ళు ఉండిపోయారు. నేనూ ఇల్లంతా వెతికాను. పంపు బాగానే ఉంది, కరెంటు బాగానే ఉంది, పెన్షను పడుతోంది. ఏమీ పనిలేదు, ఊరికే వచ్చి కూర్చోండి అని పిలవడానికి ఏ కంపెనీ కూడా ఇప్పటిదాకా ఒక స్టాండర్డు పెట్టలేదు!

నిన్న సాయంత్రం ఇద్దరూ వెళ్ళాక, వీరదుర్గ గ్లాసులు కడిగి, రేపు అందరికీ పెసరట్లు వేస్తానని పెసల కోసం వంటింట్లో డబ్బాలు వెతికింది. పొరపాటున మినుముల డబ్బా మూత తీసింది.

అందులో మినుములు లేవు. కొత్త పెడళ్ళు ఒక జత ఉన్నాయి. ప్లాస్టిక్ కవరు కూడా విప్పలేదు. ఏ సైకిలుకైనా ఇంచుమించు పట్టే భాగం అదొక్కటేనని చదివి, ఈ మొత్తం సైకిల్లో నా అంతట నేను ఎంచుకుని, ఉగాదికి ముందే తెప్పించుకున్న భాగం అది.

వీరదుర్గ నా వైపు చూసింది. నేను ఫ్యాను వైపు చూశాను.

ఆ పిల్ల మూత గట్టిగా నొక్కి, డబ్బాని ఇంకో రెండు డబ్బాల వెనక్కి జరిపింది. పెసలు దొరికాయి.

"ఎంతమందికి నానబొయ్యమంటారండీ బాబాయిగారూ?"

"ఎంతమందొస్తే అంతమందికీ, అమ్మా."

"ఆయ్," అంది. వెళ్తూ వెళ్తూ వీధి తలుపు చప్పుడు కాకుండా దగ్గరికి వేసింది.