దొరగారి పడకలో వెంట్రుక

మంగళవారం సాయంత్రం ఫ్యాక్టరీ నుంచి వచ్చి, చెప్పులైనా విప్పకుండా పంజరం తలుపు తీసిన సేఫ్టీ మేడమ్‌కి, శుభ్రమైన చెక్క తురుము మధ్యలో ఒక మనిషి వెంట్రుక కనిపించింది!

గడ్డిపోచ కాదు. దారప్పోగు కాదు. అచ్చంగా మనిషి వెంట్రుక. బెత్తెడు పొడవు. చివర నలుపు, మొదలు తెలుపు.

పాఠకులారా, మీ దుప్పటి మీద వెంట్రుక కనిపిస్తే మీరేం చేస్తారు? దులిపేసి పడుకుంటారు. అక్కడే మనం వెనకబడిపోయాం! ఎవరేమనుకున్నా సరే, ఈ మాట చెప్పక తప్పదు: ప్రతి ఇంటికీ ఒక చించిల్లా కావాలి. చించిల్లా దొరక్కపోతే కనీసం దాని పంజరమైనా కావాలి. ఇల్లంటే ఎలా ఉండాలో మనకి నేర్పే గురువు ఇంకెవరున్నారు?

చించిల్లా అంటే తెలియనివారి కోసం ఒక్క ముక్క. కుందేలు పిల్లకి ఉడుత తోక తగిలించి, పట్టు కుచ్చులో పొర్లించి తీసినట్టుంటుంది. పగలంతా నిద్ర. వేడి పడదు, తడి పడదు, చప్పుడు పడదు. ముఖంలో మాత్రం, అర్జీ చదవకుండానే తిప్పి పంపే పెద్ద ఆఫీసరు గాంభీర్యం. అందుకే ఆ ఇంట్లో దానికి దొరగారని పేరు పడింది.

సేఫ్టీ మేడమ్ బిస్కట్ ఫ్యాక్టరీలో భద్రతాధికారి. అక్కడ నాలుగొందల మంది పనివాళ్ళు. హెల్మెట్ పెట్టుకోండయ్యా అంటే "జుట్టు నలిగిపోద్ది మేడమ్" అంటారు. గ్లవ్స్ ఇస్తే వాటిలో బిస్కట్లు దాచుకుంటారు. ఇరవై రెండేళ్ళుగా ఆమె రాసిన నియమాలు గోడల మీద రంగు వెలిసిపోయాయి తప్ప ఒక్కరి తలకీ ఎక్కలేదు. ల్యాబ్‌లో పనిచేసే స్నేహితురాలు బదిలీ మీద వెళ్తూ దొరగారిని ఆమె చేతుల్లో పెట్టింది. అప్పుడు ఆమెకి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తాను చెప్పినట్టు బతికే ప్రాణి ఇన్నాళ్ళకి ఒకటి దొరికింది!

ఇక పంజరం వేట మొదలైంది.

కొట్టువాడు మొదట ప్లాస్టిక్ అడుగున్న పంజరం చూపించాడు. "కొరికి మింగితే పేగుల్లో అడ్డం పడుతుంది" అని పక్కకి నెట్టింది. రెండోదానికి తీగల నేల. "రోజంతా తీగల మీద నిలబడితే అరికాళ్ళు పుళ్ళు పడతాయి. నువ్వు నిలబడతావా?" అంది. మూడోదాని ఊచల సందులో ఆమె బొటనవేలు దూరింది. బొటనవేలు దూరిన చోట ముక్కు దూరుతుంది, ముక్కు దూరిన చోట దొరగారు ఇరుక్కుంటారు. నాలుగోది అన్ని విధాలా బాగుంది. కానీ అంచుల వెంట దూది రాసి చూస్తే ఒక మూల ఒక పోగు చిక్కుకుంది. దూది చిక్కిన చోట చర్మం చిక్కదా? పదకొండో పంజరం దగ్గర కొట్టువాడు తాళాలు పనివాడికిచ్చి, తలనొప్పని ఇంటికెళ్ళిపోయాడు.

అప్పుడు వెల్డర్ని పిలిపించింది. అతను కొలతలు రాసుకుని, కాగితం వెనక్కి తిప్పి, మళ్ళీ ముందుకి తిప్పాడు.

"అమ్మా, ఇంతకీ ఇందులో ఉండేది ఎలుకా, ఎలుగుబంటా?"

"గుప్పెడంత ప్రాణి. కానీ ఎగురుతుంది. ఆరడుగుల ఎత్తుండాలి. అరలు మెట్లుమెట్లుగా పెట్టు, ఒకేసారి పైనుంచి కిందికి పడకూడదు."

"రంగేం వేయమంటారు?"

"రంగు వద్దు. నాకితే?"

"ఎవరమ్మా నాకేది?"

"ఎవరైనా!"

వెల్డరు పెన్సిలు చెవి మీద పెట్టుకుని పనిలోకి దిగాడు. ఆరడుగుల ఎత్తు, ఐదడుగుల పొడవు, మూడడుగుల వెడల్పున మూడంతస్తుల భవనం లేచింది. నున్నటి రేకు నేల. పై అరలో దాక్కోవడానికి చెక్క గూడు. మనిషి వంగి లోపలికెళ్ళి ఊడ్చేంత తలుపు.

మరి పరుపు? కలప డిపో యజమాని ఘుమఘుమలాడే దేవదారు తురుము తెచ్చాడు. ఆ ఘుమఘుమే ఊపిరితిత్తులకి ముప్పంది. ప్లైవుడ్ పొట్టు తెచ్చాడు. అందులో జిగురుంటుందంది. చివరికి వాసన, జిగురు లేని ఆస్పెన్ అనే చలిదేశపు చెక్క తురుము తెచ్చాడు. ఆమె గుప్పెడు తీసి తెల్లకాగితం మీద దులిపింది. దుమ్ము రాలలేదు.

"ముప్పయ్యేళ్ళుగా పొట్టు అమ్ముతున్నాను తల్లీ," అన్నాడాయన నీరసంగా. "దాని పుట్టుపూర్వోత్తరాలు అడిగిన మనిషిని ఇవాళే చూశాను."

జానెడు మందాన తురుము పరిచారు. అరల మీద మెత్తటి ఫ్లీస్ గుడ్డలు కుట్టి వేశారు. ఇంట్లో ఉన్న ఒక్క ఏసీ దంపతుల పడకగదిలో ఉంది కాబట్టి, పంజరం అక్కడికి చేరింది, దంపతులు మంచంతో సహా హాల్లోకి వచ్చేశారు. పడకగది తలుపు మీద నియమాల కాగితం వెలిసింది. పగలు లోపలికి పోరాదు. తలుపు కొట్టరాదు. నిద్రలో ఉండగా పేరు పెట్టి పిలవరాదు.

ఇంతలో అత్తగారికి సందేహం వచ్చింది. "అమ్మాయ్, నా గదిలో ఫ్యాను ఆర్నెల్లుగా కిర్రుకిర్రుమంటోంది. దాని సంగతి కూడా చూడకూడదూ?"

"మీరు ఊచలు కొరకరు కదా అత్తయ్యా!"

నిజమే కదా! కొరకని ప్రాణికి భద్రతేమిటి? అయినా లాభం చూడండి. ఇదివరకు ఆ ఇంట్లో వేడెంతో ఎవరికీ తెలియదు, ఉక్కపోస్తోందని తిట్టుకునేవాళ్ళు. ఇప్పుడు వేడిని గంటగంటకీ వాటంతటవే నమోదు చేసుకునే థర్మామీటర్లు నాలుగున్నాయి, పంజరంలో అంతస్తుకొకటి, హాల్లో ఒకటి. ఎన్ని డిగ్రీల ఉక్కలో ఉన్నారో దశాంశంతో సహా చెబుతారు. ఇంతకన్నా నాగరికత ఉంటుందా?

అలాంటి కోటలో, అలాంటి పడకలో, వెంట్రుక!

ఫ్యాక్టరీలో ప్రమాదం జరిగితే విచారణాధికారిని వేస్తారు. ఘటనాస్థలానికి అందరికన్నా దగ్గరగా ఉండేవాణ్ణే వేయాలని నియమం. మేడమ్ భర్తని పిలిచింది. ఇరుగుపొరుగు ఆయన్ని ఇంటాయన అంటారు. ఇన్సూరెన్స్ క్లెయిములు చూసే ఉద్యోగం, రెండేళ్ళుగా భోజనాల బల్ల దగ్గర ల్యాప్‌టాప్ ముందే.

"ఏవండీ, విచారణాధికారి మీరే. ఎలాగూ ఇంట్లోనే ఉంటారుగా."

ఇంటాయన విచారణ ఫారం అందుకుని గంభీరంగా తలూపాడు.

బుధవారం జంతువుల డాక్టరమ్మ వచ్చి దొరగారిని తూచి, పెదవి విరిచింది.

"పంజరం బ్రహ్మాండం. ఖాళీ అయితే చెప్పండి, నేనే దిగుతాను. కానీ బరువు తగ్గాడు. తిండి సగమే తింటున్నాడు. పగటి నిద్ర ఎవరో చెడగొడుతున్నారండీ. ఈ జాతికి తిండి తగ్గితే ప్రాణం మీదికొస్తుంది. శనివారం బుట్ట తెస్తాను. అప్పటికి కారణం తెలియకపోతే నాతో తీసుకెళ్తాను. ఇక తిరిగివ్వను."

మేడమ్ క్యాలెండర్‌లో శనివారం చుట్టూ ఎర్రసిరాతో సున్నా చుట్టింది. ఇక మిగిలింది మూడు రోజులు!

బుధవారం రాత్రి భోజనాల దగ్గర మొదటి నివేదిక వచ్చింది. "అనుమానితుడు వెల్డరు. బోల్టులు బిగిస్తూ తల గోక్కున్నాడు." మేడమ్ వెంటనే ఫోన్ చేసి గట్టిగా నిలదీసింది.

"అమ్మా, నాది బట్టతల!" అన్నాడు వెల్డరు బాధగా.

గురువారం నివేదికలో అనుమానం అత్తగారి మీదికి పోయింది.

"నేనా?" అంది అత్తగారు. "అందులో దూరితే నన్ను బయటికి లాగడానికి మళ్ళీ ఆ వెల్డర్నే పిలవాలి. ఒరేయ్, కన్నతల్లి పేరు రాయడానికి నీకు చెయ్యెలా వచ్చిందిరా?"

"విచారణలో అమ్మా నాన్నా ఉండరమ్మా," అన్నాడు ఇంటాయన, కళ్ళు కలపకుండా.

వెంట్రుక రంగుని బట్టి పట్టుకుందామంటే, ఇంట్లో ముగ్గురూ ఒకే ప్యాకెట్‌లో రంగు కలుపుకుని వేసుకుంటారు. అందరికీ చివర నలుపే, మొదలు తెలుపే!

శుక్రవారం నివేదిక: "గాలికి కిటికీలోంచి వచ్చి పడింది." ఆ కిటికీ ఏసీ కోసం నెల కిందటే మేడమ్ స్వహస్తాలతో టేపు వేసి మూసేసింది.

ఇక లాభం లేదని ఆమే టార్చిలైటు పట్టుకుని మోకాళ్ళ మీద కూర్చుంది. తురుములో ఒక మూల నుంచి ఇంకో మూల దాకా పల్లం. ఒక చివర గుండ్రంగా, తల ఆనినట్టు. మధ్యలో మోచేయి గుచ్చుకున్నట్టు గుంట. థర్మామీటరు చిట్టా తీసింది. రోజూ మధ్యాహ్నం రెండు నుంచి మూడు దాకా, కింది అంతస్తులో మాత్రం రెండు డిగ్రీల వేడి ఎక్కువ! ముడుచుకుని పడుకునే మనిషి. పగలు ఇంట్లో ఉండే మనిషి. తలుపు చప్పుడు కాకుండా తీయడం తెలిసిన మనిషి.

ఎవరై ఉంటారు?

మీకు తెలిసిపోయిందని నాకు తెలుసు. ఆమెకి మాత్రం తట్టలేదు. ఎందుకంటే, విచారణాధికారిని అనుమానించరాదని ఆమె రాసిన నియమాల్లో పదిహేడోది. తాను రాసిన నియమాన్ని తానే తప్పితే ఇక నాలుగొందల మందికి ఏ మొహంతో చెబుతుంది?

శనివారం పదింటికి డాక్టరమ్మ బుట్టతో వచ్చింది. మేడమ్ ఫ్లీస్ గుడ్డ మడిచి బుట్ట అడుగున పరిచింది. "ఎండలో పెట్టకండి," అంది. "దేవదారు తురుము వాడకండి." తర్వాత గుడ్డ అంచులో పోగేదైనా లేచిందేమోనని మళ్ళీ వేలితో తడిమి చూసింది. దొరగారు గూట్లోంచి తల బయటపెట్టి, నిద్రకళ్ళతో అందర్నీ చూసి ఆవలించారు.

"ఆగండి," అన్నాడు ఇంటాయన. చేతిలో నాలుగు పేజీల ఫారం. "తుది నివేదిక చదవాలి."

"ఇప్పుడెందుకండీ అది?"

"ఘటన: పంజరంలోకి అనధికార ప్రవేశం. బాధ్యుడు: విచారణాధికారి."

డాక్టరమ్మ బుట్ట కింద పెట్టేసింది.

"నేనే. పద్దెనిమిది రోజులుగా, రోజూ రెండింటి నుంచి మూడింటి దాకా. గురక పెట్టానో లేదో రాయలేకపోయాను, అప్పుడు నేను నిద్రలో ఉన్నాను కాబట్టి."

"పెడతావురా," అంది అత్తగారు. "గోడవతలికి వినిపిస్తుంది. ఇంత చిన్న జంతువు అంత గురక ఎలా పెడుతుందా అని నేను వారం నుంచి ఆశ్చర్యపోతున్నాను."

"హాల్లో మంచం ఉంది కదండీ! సోఫా ఉంది కదా!" మేడమ్ గొంతులో కోపం కన్నా దిగ్భ్రమే ఎక్కువ.

ఇంటాయన ఫారం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"సోఫాలో పడుకుంటే అమ్మ రిమోట్ ఎక్కడుందంటుంది. మంచమ్మీద పడుకుంటే పక్కింటివాళ్ళు తాళంచెవి ఇవ్వడానికొస్తారు. కుక్కర్ మూడు విజిల్స్ వచ్చాక కట్టేయమని నువ్వు ఫ్యాక్టరీ నుంచి ఫోన్ చేస్తావు. కొరియర్ వాడొస్తాడు, ప్లంబరొస్తాడు, మీటర్ చూసేవాడొస్తాడు. అందరిదీ ఒకటే మాట, ఇంట్లోనే ఉన్నారుగా అని. మొదట ఆ గదిలో నేల మీద పడుకున్నాను. అమ్మ కిటికీ అద్దంలోంచి చూసి లేపేసింది. అప్పుడర్థమైంది నాకు. ఈ ఇంట్లో నేల మీద పడుకున్నవాణ్ణి లేపుతారు, పంజరంలో ఉన్నవాణ్ణి ఎవరూ లేపరు. మొదటి రోజు ఐదు నిమిషాలే అనుకుని దూరాను. తురుము మెత్తగా ఉంది, చల్లగా ఉంది, ఎవరూ పిలవడం లేదు. నాకు ఏడుపొచ్చినంత పనైంది. దొరగారి నిద్ర పాడవుతుందని తెలిసి బుధవారమే మానేయాల్సింది, మానలేకపోయాను. అదీ నా అసలు తప్పు. అమ్మ పేరు రాయడం రెండో తప్పు. దొరగారిని పంపకు. ఆయనకేం పాపం తెలియదు. ఇక ఫారంలో ఆఖరి గడి ఒకటి మిగిలింది, మళ్ళీ జరగకుండా ఏం చేయాలని. పొద్దుట్నుంచీ ఆలోచించి రాశాను. నాకు పంజరం వద్దు, ఆస్పెన్ తురుమూ వద్దు. లోపలి నుంచి గడియ పడే గది రోజూ ఒక్క గంట ఇప్పించండి."