తొమ్మిది నలభై ఒకటికి పరిష్కారం

వచ్చే నెల ఒకటో తారీకు నుంచి ఈ దేశంలో ఏ సమస్యా మూడు నొక్కులకు మించి బతకదని ఫిర్యాదుల శాఖ మంత్రిగారు ప్రకటించారు. మొదటి నొక్కుకి సమస్య చెప్పుకోవడం, రెండో నొక్కుకి అది పైకి వెళ్ళడం, మూడో నొక్కుకి తీరిపోవడం. మరి నాలుగో నొక్కు ఉండదా అని ఎవరో విలేకరి అడిగితే, "ఉంటుంది, ధన్యవాదాలు చెప్పడానికి. అది ఐచ్ఛికం," అన్నారు. హాలంతా చప్పట్లు. నేనూ కొట్టాను.

నేను ఆ శాఖలో ఇన్‌వర్డ్ గుమాస్తాని. పంతొమ్మిదేళ్ళుగా జనం తెచ్చిన కాగితాల మీద ముద్ర వేసి, నంబరు వేసి, పై గదికి పంపుతున్నాను. పై గది నుంచి ఏం తిరిగొస్తుందని మాత్రం అడక్కండి. అక్కడ కిటికీలు పెద్దవి, గాలి బాగా వస్తుంది.

నాకూ ఒక ఫిర్యాదుంది. మేముండేది రెండో అంతస్తు. మూడు నెలలుగా మా కుళాయిలో చుక్క నీరు రాలేదు. వీధి చివర పంపుకి ఓపిక తగ్గిపోయి, నీళ్ళు కింది వాటా దాకా వచ్చి ఆగిపోతున్నాయి. మా ఆవిడ రోజూ నలభై మూడు మెట్లు దిగి, బకెట్టు నింపుకుని, నలభై మూడు మెట్లూ ఎక్కుతోంది. ఆవిడ మోకాళ్ళు అంతకుముందే అంతంతమాత్రం. నేను పట్టుకొస్తానంటే, మెట్లంతా ఒలకబోస్తానని ఒప్పుకోదు. ఫిర్యాదు రాసింది నేనే, ముద్ర వేసింది నేనే, నంబరు వేసింది నేనే. అంచేత కాగితంలో లోపం వెతికినా దొరకదు.

"ఆ శాఖలో మొగుణ్ణి పెట్టుకుని కూడా నీళ్ళు మోస్తున్నదాన్ని నేనొక్కదాన్నేనండీ," అని మా ఆవిడ ప్రతి బకెట్టుకీ ఒకసారి అంటుంది. రోజుకి ఆరు బకెట్లు.

మంత్రిగారి మూడు నొక్కుల యాప్‌కి స్క్రీన్లు గీసే పని మా అక్క కూతురికి వచ్చింది. నా సిఫార్సేమీ లేదు. నా సిఫార్సుంటే వచ్చేది కాదు. పిల్ల తెలివైనది. ల్యాప్‌టాప్ తెచ్చుకుని మా భోజనాల బల్ల దగ్గర కూర్చుని, డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో ఫోన్ బొమ్మలు వరసగా పరిచి, ఒక బొమ్మ మీది బటన్ నుంచి ఇంకో బొమ్మకి గీత లాగేది. ఆ గీత లాగితే, ఇక్కడ నొక్కినప్పుడు అక్కడి బొమ్మ వస్తుంది.

"అంటే యాప్ అయిపోయినట్టేనా?" అన్నాను.

"యాప్ ఎక్కడ మావయ్యా! ఇది ప్రోటోటైప్. బొమ్మ వెనక బొమ్మ, అంతే. ఇది చూసి బాగుందంటే, అప్పుడు అసలు పని మొదలవుతుంది. ఫిర్యాదు ఎవరికి వెళ్ళాలి, ఎవరు చూడాలి, చూడకపోతే ఏమవ్వాలి, అదంతా ఇంకా ఏడాది పని."

"మరి దీంట్లో తప్పుగా నొక్కితే?"

"ఏం కాదు. ఎక్కడ నొక్కాలో ఆ బటన్ చుట్టూ నీలం గీత మెరుస్తుంది. అన్నీ సవ్యంగా జరిగితే ఏ దారిన పోవాలో ఆ దారొక్కటే గీశాను."

నమూనాకి ఒక ఫిర్యాదు కావాలంది. వంటింట్లోంచి మా ఆవిడ చేతులు తుడుచుకుంటూ వచ్చింది.

"నాది రాయవే. రెండో అంతస్తు, కుళాయిలో నీళ్ళు రావడం లేదు. డోర్ నంబరుతో సహా రాయి. బొమ్మలోనైనా ఎవడో ఒకడు చదువుతాడు."

పిల్ల నవ్వి, అలాగే రాసింది. మూడో స్క్రీన్ మీద ఆకుపచ్చ టిక్కు పెట్టి, కింద 'మీ సమస్య పరిష్కారమైంది' అని వేసింది. ఆ టిక్కు చూసి మా ఆవిడ లేచి వెళ్ళి కుళాయి తిప్పింది. ఎందుకు తిప్పిందో ఆవిడకే తెలియదు. ఖాళీ బకెట్టు పట్టుకుని కిందికి వెళ్ళింది.

సమావేశం గదిలో ప్రదర్శన ఏర్పాటయింది. మంత్రిగారు, వారి కార్యదర్శి, ఇంకా పదిమంది అధికారులు. మంచినీళ్ళ సీసాలు సర్దే నెపంతో నేను. మంత్రిగారు ఫోన్ చేతిలోకి తీసుకుని బొటనవేలితో నొక్కారు. ఫిర్యాదు వచ్చింది. మళ్ళీ నొక్కారు. 'పంపబడింది' అని వచ్చింది. ఇంకోసారి నొక్కారు. ఆకుపచ్చ టిక్కు.

అధికారులంతా మెడలు చాచి తొంగిచూశారు.

"ఎంత స్పీడు!" అన్నారు మంత్రిగారు.

కార్యదర్శి కళ్ళజోడు సవరించుకుని ఫోన్ పై మూలకి చూపించాడు. "సార్, టైము గమనించండి. ఫిర్యాదు ఇచ్చింది తొమ్మిది నలభై ఒకటికి. పరిష్కారం తొమ్మిది నలభై ఒకటికి. ఒక్క నిమిషం కూడా పట్టలేదు."

"సార్, అది టైము కాదు," అంది మా మేనకోడలు. "సాఫ్ట్‌వేర్‌లో రెడీగా దొరికే ఫోన్ బొమ్మ మీద ఎప్పుడూ అదే అంకె ఉంటుంది. ఇది బొమ్మ మాత్రమే సార్. దీని వెనక ఏమీ లేదు."

మంత్రిగారు ఆప్యాయంగా నవ్వారు. "అదేనమ్మా నాకు నచ్చింది. ఇన్నాళ్ళూ ఆలస్యమైందంటే వెనక ఉన్నవాళ్ళ వల్లే కదా?"

వెనక ఉన్న పదిమంది అధికారులూ తల ఊపారు.

'మా గురించి' అనే పేజీలో ఏదో అర్థంకాని భాష కనబడితే ఇదేమిటని అడిగారు. ఖాళీ నింపడానికి పెట్టిన ఉత్త అక్షరాలని, అర్థమేమీ ఉండదని పిల్ల చెప్పింది. "మన ఉత్తర్వుల్లాగే ఉంది, ఉండనీ," అన్నారు. చివరికి పొరపాటున ఒక పక్కకి నొక్కితే బటన్ చుట్టూ నీలం గీత మెరిసింది. మంత్రిగారు కుర్చీలోంచి లేచారు. "చూశారా? పౌరుడు దారి తప్పితే ప్రభుత్వం కోప్పడదు. ఎక్కడ నొక్కాలో చూపిస్తుంది. ఇదయ్యా పాలనంటే!"

ఒకటో తారీకున ఆ బొమ్మల లింకే దేశమంతటికీ విడుదలైంది.

లింకు తెరిచినవాళ్ళ లెక్క ప్రకారం మొదటి వారంలో రెండు లక్షల పదకొండు వేల ఫిర్యాదులు వచ్చాయి. రెండు లక్షల పదకొండు వేలూ పరిష్కారమయ్యాయి. అన్నీ తొమ్మిది నలభై ఒకటికే. ప్రపంచంలో ఏ ప్రభుత్వమూ ఇంత సమయపాలన చూపించలేదని పత్రికలు రాశాయి, మంత్రిగారి కార్యాలయం పంపిన కాగితం చూసి.

చిన్న చిన్న సందేహాలు లేకపోలేదు. గోడ కూలిపోయిన ఒక దర్జీ నా కౌంటర్ దగ్గరికొచ్చి బల్ల గుద్దాడు.

"గోడ గురించి రాద్దామంటే రాసే చోటే లేదు. ఎక్కడ నొక్కినా రెండో అంతస్తు కుళాయంటుంది. ఎవరిదయ్యా ఆ కుళాయి?"

నాది అని చెప్పడానికి నాకు ధైర్యం చాలలేదు. కార్యదర్శిని అడిగితే ఆయన నిమ్మళంగా, "ఆయన సమస్య తీరలేదేమో కానీ, ఒక సమస్య తీరింది కదా? పక్కవాడి బాగు చూసి ఓర్వాలి," అన్నాడు. మర్నాడు నా కౌంటర్‌కి చెక్క కొట్టేశారు. కాగితం ఫిర్యాదులు పాతకాలపు అలవాటని, దాన్ని ప్రోత్సహించకూడదని ఉత్తర్వు. నా ముద్ర, సిరా పెట్టె బీరువాలో పెట్టి తాళం వేశారు. ఖాళీగా కూర్చుంటే బాగుండదని ఒక ఫోన్ ఇచ్చి, రోజంతా నొక్కుతూ ఉండమన్నారు.

పంతొమ్మిదేళ్ళ ఉద్యోగంలో మొదటిసారి నా చేతి మీదుగా సమస్యలు తీరుతున్నాయి. సాయంత్రానికి నాలుగు వందల సార్లు మా కుళాయి బాగయ్యేది. ఇంటికెళ్తే మా ఆవిడ మెట్ల మధ్యలో బకెట్టు దింపి, మోకాలు పట్టుకుని కూర్చుని ఉండేది.

ఇక లాభం లేదని నీటి ఇంజనీరు దగ్గరికి నేరుగా వెళ్ళాను. మర్యాదస్తుడు. కూర్చోమన్నాడు, డోర్ నంబరు అడిగాడు, కంప్యూటర్‌లో చూశాడు, చూసి లేచి నిలబడ్డాడు.

"ఆ కుళాయి మీదా? నమస్కారమండీ! ఇప్పటికి మూడు లక్షల చిల్లర సార్లు బాగుచేశాం."

"ఒక్కసారి కూడా నీళ్ళు రాలేదండీ."

"రాకపోవచ్చు. కానీ ఇప్పుడు నేను మనిషిని పంపితే, ఇంతవరకూ బాగవలేదని నేనే ఒప్పుకున్నట్టవుతుంది. మూడు లక్షల పరిష్కారాలు ఒక్క దెబ్బకి అబద్ధమైపోతాయి. మీ ఒక్క ఇంటి కోసం దేశాన్నంతా అబద్ధం చెయ్యమంటారా?"

నాకూ నిజమేననిపించింది. మా ఆవిడకి అనిపించలేదు.

మా మేనకోడలు ఊరుకునే రకం కాదు. అత్త మోకాళ్ళు చూసి కళ్ళనీళ్ళు పెట్టుకుని, ఆ వారమే ఇంకో బటన్ గీసి మంత్రిగారి దగ్గరికి పట్టుకెళ్ళింది. 'నా సమస్య తీరలేదు' అని దాని మీద రాసింది. అది నొక్కితే ఎవరికి వెళ్ళాలో, ఎన్ని రోజుల్లో చూడాలో అంతా కాగితం మీద వివరంగా వేసుకొచ్చింది.

మంత్రిగారు చాలాసేపు చూసి, "బటన్ బాగుందమ్మా," అన్నారు.

"ఇది నొక్కితే ఇంజనీరుకి వెళ్ళేట్టు పెడదామండీ?"

"అబ్బే, ఎక్కడికీ వెళ్ళనక్కర్లేదు. బటన్ ఉండనీ, గీత లాగకు. ప్రజాస్వామ్యమన్నాక అలాంటి బటనొకటి కనబడాలి."

పిల్ల ఇంటికొచ్చి, గీత లేని ఆ బటన్‌ని 'ధన్యవాదాలు' పక్కన పెట్టి, ల్యాప్‌టాప్ మూసేసింది. "మావయ్యా, నేను అబద్ధం గీయలేదు. మొదటి రోజే చెప్పాను కదా?" అంది. చెప్పావమ్మా, నేను విన్నాను అన్నాను. వినడం నా ఉద్యోగం.

ఇంతలో విదేశీ పత్రికలవాళ్ళు దిగారు. ఈ అద్భుతం వల్ల మేలు పొందిన ఒక్క ఇల్లు చూడాలన్నారు. మంత్రిగారు సంతోషంగా ఒప్పుకున్నారు. జాబితా తీయమన్నారు. జాబితాలో ఉన్నది ఒకటే ఇల్లు.

వాళ్ళొచ్చే రోజు పొద్దున్నే కార్యదర్శి ప్లంబర్‌ని వెంటబెట్టుకొచ్చి, మా పాత ఇత్తడి కుళాయి పీకించి, మొహం కనబడేంత మెరుస్తున్న కొత్త కుళాయి బిగించాడు.

"నీళ్ళు?" అంది మా ఆవిడ.

"పంపు మార్చాలంటే పదిహేను రోజులు పడుతుందమ్మా. మంత్రిగారొచ్చేది పదకొండింటికి. దాన్ని తిప్పకండి చాలు, పక్కన నిలబడి నవ్వండి."

మా ఆవిడ సరేనంది. అంత త్వరగా సరేనంటే నాకు భయం. ఆ రోజు మోసుకొచ్చిన రెండు బకెట్లూ స్నానాల గదిలో పెట్టి తాళం వేసి, తాళంచెవి కొంగుకి కట్టుకుంది.

మంత్రిగారు నలభై మూడు మెట్లూ ఎక్కి ఆయాసపడుతూ వచ్చారు. వెనక ఆరు కెమెరాలు, కార్యదర్శి, ఫోన్ పట్టుకుని మా మేనకోడలు. మా ఆవిడ కుర్చీ వేసి, పళ్ళెం నిండా గట్టి బిస్కెట్లు పెట్టింది. ఒకటి తిన్నారు. "ఇంకోటి తీసుకోండన్నయ్యగారూ, నా మీద ఒట్టు," అంది. రెండోది తిన్నారు. మూడోది సగంలో ఉండగా చూపు గ్లాసు కోసం వెతికింది.

"అయ్యో, నా మతి మండా! మంచినీళ్ళు ఇవ్వలేదు," అంటూ మా ఆవిడ గ్లాసు తీసుకుని కొత్త కుళాయి కింద పెట్టి తిప్పింది. కుళాయి ఒకసారి చిన్నగా నిట్టూర్చింది. ఆవిడ గ్లాసు నిండేంతసేపు ఓపిగ్గా ఉండి, కట్టేసి, ఒలక్కుండా రెండు చేతులతో పట్టుకుని తెచ్చి మంత్రిగారికి అందించింది.

"మీరు తెప్పించిన నీళ్ళే. తాగండి."

మంత్రిగారు గ్లాసులోకి చూశారు. కార్యదర్శిని చూశారు. ఆరు కెమెరాలనీ చూశారు. నేను పంతొమ్మిదేళ్ళలో చాలామంది మంత్రుల్ని చూశాను కానీ, ఇంతటి మనిషిని చూడలేదు. తల ఎత్తి, గటగటమని గ్లాసంతా తాగేశారు. మూతి తుడుచుకున్నారు.

"ఎంత చల్లగా ఉన్నాయమ్మా!" అన్నారు.

ఆ మాటతోపాటే ఎక్కిళ్ళు మొదలయ్యాయి.

"జనం తలుచుకుంటున్నారు సార్," అన్నాడు కార్యదర్శి. మూడు లక్షలమంది ఒకేసారి తలుచుకున్నట్టున్నారు. మంత్రిగారి మొహం ఎర్రబడింది, కళ్ళ వెంట నీళ్ళు కారాయి. ఆ పూట మా ఇంట్లో కారిన నీళ్ళు అవే.

"అమ్మా," అన్నారు మెల్లగా, కెమెరాలకి వినబడకుండా. "ఇంట్లో నీళ్ళున్నాయా?"

"లేకేం అన్నయ్యగారూ! కుళాయి నిండా ఉన్నాయి. ఇంకో గ్లాసు పట్టనా?"

ఇంకో గ్లాసు పట్టింది. అదీ తాగారు. ఎక్కిళ్ళు రెట్టింపయ్యాయి.

అప్పుడాయన చెయ్యి చాపి మా మేనకోడలి చేతిలోంచి ఫోన్ లాక్కుని, బొటనవేలితో మొదట కనబడిన బటన్ నొక్కారు. 'నా సమస్య తీరలేదు.' ఏమీ కదల్లేదు. మళ్ళీ నొక్కారు. మళ్ళీ మళ్ళీ నొక్కారు. నొక్కినప్పుడల్లా దాని పక్కనున్న 'ధన్యవాదాలు' చుట్టూ నీలం గీత మెరిసింది.

"అక్కడ కాదు సార్," అంది మా మేనకోడలు ఎంతో మర్యాదగా. "గీత మెరుస్తున్నచోట నొక్కాలి."

కెమెరాలన్నీ దగ్గరికి జరిగాయి. మంత్రిగారు ఎక్కిళ్ళ మధ్యనే అక్కడ నొక్కారు. ఆకుపచ్చ టిక్కు వచ్చింది. గోడ గడియారంలో పదకొండున్నర దాటింది. ఫోన్‌లో మాత్రం తొమ్మిది నలభై ఒకటి.