బ్రష్షు మీద నెత్తురు

పాల్మాకుల రాఘవేందర్‌కు ఎయిర్‌పోర్టు కాడ క్యాబ్ నడుపుడు ఒక పని, దౌడల తంబాకు పెట్టుడు ఇంకో పని. రెండో దాంట్ల ఒక్క దినం నాగా లేదు.

దాంతోనే నోరు పుండయింది. కారం తగిల్తే కండ్లల్ల నీళ్లు కారుతున్నయి. భార్య శోభ పండ్ల డాక్టరమ్మ కాడికి తీస్కపోయింది. తంబాకు మానకుంటే ఇది పెద్ద బీమారి కావచ్చని ఆమె ఉన్నదున్నట్టు చెప్పింది. ఇంటికొచ్చి శోభ ఏడుస్తుంటే రాఘవేందర్ చూడలేక, ఆమె నెత్తి మీద చెయ్యి పెట్టి మానేస్తనని ఒట్టేసిండు. మానిండు గూడ, ఇంట్ల ఉన్నంతసేపు.

క్యాబ్‌ల లైన్ల కూసోని చిటికెడు పెడితే మంట మొద్దుబారి పానం హాయిగుండేది. ఇంటికి మర్లే ముందర పదిసార్లు పుక్కిలించి, రెండు ఇలాచీలు నమిలేటోడు. పైగా పొద్దుగాల పండ్లు తోమి, ఆ బ్రష్షు తెచ్చి శోభకు చూపెట్టేటోడు.

"సూడు, ఒక్క నెత్తురు సుక్క లేదు. మానేసిన గదా, చిగుర్లు గట్టివడ్డయి."

శోభ ఆ బ్రష్షును అటిటు తిప్పి చూసేది. పదో దినం రాత్రి ఇద్దరికీ అన్నం వడ్డించి, తను గూడ కూసున్నంక అసలు ముచ్చట తీసింది.

"ఆ రోజు నువ్వు బండి పార్కింగ్ చేస్తుంటే డాక్టరమ్మ నాకు ఇంకో ముచ్చట చెప్పింది. తంబాకుల ఉండే నికోటిన్ చిగుర్లల్ల నెత్తురు నరాలను బిగవడతదట. లోపట వాచినా బయటికి కనవడనియ్యదట. నిజంగ మానితే మొదట్ల నెత్తురు రావచ్చు, భయపడొద్దన్నది. నేను దానికోసమే చూస్తున్న."

"అందరికీ వస్తదా ఏంది?"

"రాకపోవచ్చు. మరి నీ చెయ్యి జేబు మీదికెందుకు పోయింది?"

రాఘవేందర్ చెయ్యి దిక్కు చూసుకున్నడు. ఇగ చేసేదేం లేక పొట్లం తీసి ఆమె ముందర పెట్టిండు. అప్పుడే ఆమె కంచం కండ్లవడ్డది. పచ్చి మిరపకాయ కొరకంది ముద్ద దిగని మనిషి, చప్పిడి పప్పు కలుపుకుంటున్నది.

"ఇదెప్పటి సంది?"

"నువ్వు ఒట్టేసిన కాడికెల్లి. నీ పుండు తగ్గినంక ఇద్దరం కారం తిందాం."

రాఘవేందర్ సిగ్గుతోని కంచం కాడికెల్లి లేసిండు. పొట్లం తనే తీస్కపోయి మోరీల పారబోసిండు.

ఆరు దినాలకు పొద్దుగాల బ్రష్షు పట్టుకొని ఉరికొచ్చిండు. "శోభా, నెత్తురొచ్చింది."

శోభ చూసి, నవ్వుకుంట కొంగుతోని కండ్లు తుడుసుకున్నది. పక్కింటి ఈరమ్మ గోడ మీదికెల్లి చూసి, మొగని నోట్ల నెత్తురొస్తే నవ్వుతదేందీ పిల్ల అని పరేషానయింది. శోభ గోరువెచ్చటి ఉప్పునీళ్లు గిలాసల పోసి ఇచ్చి, ఇయ్యాల మళ్ల డాక్టరమ్మ కాడికి పోవాలని చెప్పింది. ఆ పూట గూడ రెండు కంచాలల్ల చప్పిడి పప్పే వడ్డది.