చాలు అనలేని ఇన్‌స్పెక్టర్

ఆ ఉదయం వెనింగ్ టీచరు అనుకున్నది చాలా చిన్న పని. పదింటికి ఇన్‌స్పెక్టర్ తర్ముజీ గారు వస్తారు, అయిదో తరగతి పిల్లలు చేసిన ప్రోగ్రాం చూస్తారు, టీ తాగి వెళ్లిపోతారు. ఆయనకు నచ్చకపోతే మాత్రం బడిలోని పన్నెండు కంప్యూటర్లూ ఏటి అవతలి బడికి వెళ్లిపోతాయి. ఏడాది పోరి తెచ్చుకున్న కంప్యూటర్లు కావడంతో పొద్దున ఆవిడకు ముద్ద దిగలేదు.

ప్రోగ్రాం అంటే బెదిరిపోవాల్సిందేమీ లేదు. తెర మీది రంగు దిమ్మల్ని జరిపి ఒకదానికొకటి తగిలించడమే. తెర మీద ఒక బాతు ఉంటుంది. అతిథిని తినమని బతిమాలమని నీలం దిమ్మ దానికి చెబుతుంది. ఆకుపచ్చ దిమ్మ బడి వంటింట్లో గంట కొట్టి, మూడు నిమిషాలు ఆగుతుంది. ఆ రెంటినీ చుట్టుకున్న పసుపు దిమ్మ, అతిథి 'చాలు' మీట నొక్కేదాకా ఇదే మళ్లీ మళ్లీ చెయ్యమంటుంది. వంక పెట్టడానికి లేదు. కాకపోతే సోలో అనే మా ఊళ్లో ఇంటివాళ్ల ముఖం మీద చాలు అన్న మనిషి ఇంతవరకు పుట్టలేదు. లెక్కల్లో మునిగిన టీచరుకు ఆ సంగతి తట్టలేదు.

తర్ముజీ గారు కూర్చున్నారు. బాతు బతిమాలింది, గంట మోగింది, వంటమనిషి పైనెమ్ అరిటాకు చుట్టిన కోడికూర అన్నం పొట్లాలు తెచ్చింది. ఆయన మర్యాదకు వద్దని, మర్యాదకే ఒకటి తిన్నారు. మూడు నిమిషాలకు ఇంకో పళ్లెం వచ్చింది. ఆయన వేలు మీట దాకా వెళ్లి, సిగ్గుపడి వెనక్కి వచ్చింది.

గంట కొడుతున్నది అతిథే అనుకుని పైనెమ్ పొంగిపోయింది. పొట్లాలు అయిపోతే ఇరుగుపొరుగుకు కబురు పెట్టింది. అరటిపండు బజ్జీలు వచ్చాయి. ఎదురింటి పెళ్లికి చేసిన పిండివంటలూ వచ్చాయి. ఆరో పళ్లేనికి ఇన్‌స్పెక్టర్ గారు బెల్టు వదులు చేసుకున్నారు.

వెనింగ్‌కు అప్పుడు వెలిగింది. మీట నొక్కబోతే హెడ్‌మాస్టర్ సుగితో గారు చెయ్యి పట్టుకున్నారు.

"నువ్వు నొక్కితే ఆయన్ని తిండి దగ్గర్నుంచి లేపేసినట్టేనమ్మా."

"పోనీ తీగ పీకెయ్యనా సార్?"

"అప్పుడు ప్రోగ్రాం పాడైందంటారు. కంప్యూటర్లు పోతాయి."

ఎనిమిదో పళ్లెం కనబడగానే తర్ముజీ గారే నోరు విప్పారు. "టీచరమ్మా, ఈ బాతు లోపల ఎలా పనిచేస్తుందో చూడాలనుంది."

"దిమ్మలు చూపించాలంటే ముందు దీన్ని ఆపాలండీ..."

"ఆపండి," అన్నారాయన, మాట పూర్తి కాకుండానే.

ఆవిడ ఆపింది. పైనెమ్ పళ్లెం పట్టుకుని గుమ్మంలోనే నిలబడిపోయింది. ఎప్పుడు ఆగాలో చెప్పే పని అవతలివాళ్లకు వదిలేశామనీ, ఆ షరతు మన ఊళ్లో ఎన్నటికీ నెరవేరదనీ వెనింగ్ ఒప్పుకుంది. పసుపు దిమ్మ తీసేసి, మూడుసార్లు మాత్రమే చెయ్యమనే దిమ్మ తగిలించింది. తర్ముజీ గారు కళ్లు తుడుచుకుంటూ, చాలా బాగా బోధపడిందన్నారు. అక్కడితో ఊరుకుంటే బాగుండేది. కానీ ఆవిడ మంచి టీచరు. దిద్దిన ప్రోగ్రాం నడిపి చూపించకపోతే పాఠం పూర్తి కాదు.

బాతు లెక్క తప్పకుండా మూడుసార్లే బతిమాలింది. మూడు పళ్లేలూ తిని, ఇద్దరు పట్టుకుంటే ఆయన స్కూటరెక్కారు. కంప్యూటర్లు పోయినట్టేనని వెనింగ్ తరగతిలో కూర్చుని ఏడ్చింది. హెడ్‌మాస్టర్ అట్టపెట్టెలు వెతికించారు.

వారానికి ఉత్తరం వచ్చింది. బోధన అద్భుతమనీ, పన్నెండు కంప్యూటర్లూ ఆ బడిలోనే ఉండాలనీ ఇన్‌స్పెక్టర్ గారు రాశారు. అట్టపెట్టెలు మళ్లీ అటకెక్కాయి. కింద, సంతకానికి పైన, ఇంకో వాక్యం ఉంది: "ఈ బడికి ఇకమీదట తనిఖీ అవసరం లేదు."