ఇంకొక్కసారి, బిస్కెట్!

కుర్ర గుర్రానికి జారి ఆగడం నేర్పాలంటే సెల్‌ఫోన్‌ని మించిన గురువు లేడు! నలభై ఏళ్లుగా ఓక్లహోమా ఎర్రమట్టిలో గుర్రాలకు ఆగడం నేర్పుతున్నవాణ్ణి, ఈ మాట టోపీ తీసి మరీ చెబుతున్నాను.

పాత పద్ధతి ఎంత దండగో వినండి. నడిపించి ఆపడం, నడిపించి ఆపడం, ఏడాదిపాటు ఇదే పని. తర్వాత దౌడులో ఉండగా జీనులో బరువుగా కూర్చుని, ఆగమని "వో" అనడం. గుర్రం వెనక కాళ్లు ముడిచి జారి ఆగిందా, పగ్గాలు వదిలేసి అది ఊపిరి తీసుకునేదాకా ఊరికే కూర్చోవాలి. ఆగితే హాయి అని ఒకసారి తెలిస్తే అది జన్మలో మరిచిపోదు. కానీ ఊరికే కూర్చున్న మనిషి వీడియో ఎవరు చూస్తారండీ?

ఈ చీకటిని పారదోలినవాడు డారెల్ స్టబుల్‌ఫీల్డ్, బిస్కెట్ అనే మూడేళ్ల ఆడగుర్రానికి యజమాని. జారి ఆగడానికి మార్కులు వేసే నవంబరు పోటీలో గెలవకపోతే దాన్ని అమ్మేస్తానని ముందే ప్రకటించిన ధర్మాత్ముడు. నాకేమో అది ప్రాణం.

డారెల్ కంచె దగ్గర ఫోను ఎత్తి నిలబడేవాడు. మొదటిసారే బిస్కెట్ ముప్పై అడుగులు జారింది. నా కళ్లు చెమ్మగిల్లాయి. "ఇంకొక్కసారి," అన్నాడు డారెల్, దుమ్ము సరిగా లేవలేదట. రెండోసారి దుమ్ము లేచింది గానీ ఆయన వేలు అడ్డొచ్చింది. మూడోసారి ఎండ, నాలుగోసారి వాళ్ల అత్తగారు. ఐదోసారికి నా చొక్కా మట్టిలో కలిసిపోతోందని మార్చుకు రమ్మన్నాడు. వద్దన్నానా? అనలేదు! ఆ వీడియోలో నా టోపీ ఎంత బాగా కనిపించిందో మీరు చూడలేదు.

పక్క గుర్రపుశాల మిస్ ఓపల్‌కి డెబ్బై నాలుగేళ్లు. కంచెమీద మోచేతులు ఆనించి రోజూ చూసేది.

"ఆగినందుకు దానికేం ఇస్తున్నావురా?" అని ఒకరోజు అడిగింది.

"పేరు," అన్నాను.

"తింటుందా అది?" అని వెళ్లిపోయింది. ముసలివాళ్లకు టెక్నాలజీ ఏం తెలుస్తుంది!

పోటీ రోజు వచ్చింది. జనం కూర్చున్న మెట్లమీద వరసలన్నీ ఎత్తిన ఫోన్లే. జీనులో బరువుగా కూర్చుని "వో" అన్నాను. బిస్కెట్ ఆగలేదు. కంచెదాకా పోయి, తనంతట తనే తిరిగి, మరో దౌడు తీసింది. ఆగితే ఏమవుతుంది? ఇంకొక్కసారే కదా! ఆ మాత్రం లెక్క దానికి తెలుసు. జడ్జీలు సున్నా వేశారు, డారెల్ మధ్యాహ్నానికల్లా దాన్ని మిస్ ఓపల్‌కి అమ్మేశాడు.

మూడు నెలలుగా ఆవిడ ఆ పాత దండగ పద్ధతే నడుపుతోంది. పది అడుగులు వేయించి "వో" అంటుంది. పగ్గాలు వదిలి, తెచ్చుకున్న కాఫీ తాగుతూ కూర్చుంటుంది.

నిన్న దౌడులో ఉండగా "వో" అన్నది. బిస్కెట్ నలభై అడుగులు జారింది. ముందు కాళ్లు నడుస్తూనే ఉన్నాయి, వెనక కాళ్లు మట్టిలో రెండు గీతలు గీశాయి. నా బతుకులో అంత అందమైన ఆగడం చూడలేదు. దగ్గర్లో ఒక్క ఫోనూ లేదు. కంచె ఇవతల నిలబడ్డ నా నోరు దానంతటదే తెరుచుకుంది.

"ఇంకొక్కసారి, మిస్ ఓపల్!"

ఆవిడ నావైపు చూడనైనా చూడకుండా గుర్రం దిగి, ఆ రోజుకి దాని పని అయిపోయిందన్నట్టు జీను పట్టీ వదులు చేసింది.