ఎనిమిది దిక్కుల మెనూ

"ఈరోజు నుంచి మన మండలంలో ఏ అర్జీకైనా ఒక్క సెకనే" అని తహసీల్దారు సురేశ్‌బాబుగారు ప్రకటించారు. ఆత్మకూరుకీ ఉదయగిరికీ మధ్య, పేరు రాయడం మర్యాద కాని ఒక ఆఫీసులో. పేపరు విలేకరిని కాబట్టి నేను ముందు వరసలో ఉన్నాను. టిఫిన్ కూడా వాళ్లదే.

అర్జీల కంప్యూటర్‌లోకి కొత్త మెనూ వచ్చింది. మౌస్ కుడి బటన్ నొక్కితే తెర మీద ఒక చక్రం తెరుచుకుంటుంది. అందులో దిక్కుకొకటి చొప్పున ఎనిమిది గడులు: మంజూరు, తిరస్కారం, విచారణ, అలా. బాణాన్ని గడి వైపు జరిపి వదిలితే పనయిపోయినట్టే. విదేశాల్లో ఇది ఎప్పటినుంచో ఉందట. పాపం, వాళ్లెవరూ వాస్తు చూపించలేదని సారు నొచ్చుకున్నారు.

వింజమూరు నుంచి వాస్తు ఓబులయ్యను కారులో రప్పించారు. ఆయన కీబోర్డు మీద దిక్సూచి పెట్టి కాసేపు కళ్లు మూసుకున్నాడు.

"మంజూరు దక్షిణంలో ఉండాది. యముడి దిక్కు. తీసేయండి."

"ఈశాన్యంలో పెట్టేదా?" అంది ఆపరేటర్ ప్రేమలత.

"నీళ్ల దిక్కమ్మా. కొట్టుకోని పోతాది."

"నైరుతి?"

"ఆడ తిరస్కారం కుదురుగా కూర్చోనుండాది. దాన్ని కదిలించబాక. మంజూరును నడిమధ్యన పెట్టు. బ్రహ్మస్థానం."

ప్రేమలత గొంతు తగ్గించింది. "సార్, మధ్యలో వదిలితే చక్రం మూసుకుంటాది. అర్జీ ముగిసిందని పడతాది. మంజూరు కాదు."

"ఎంతసేపట్లో ముగుస్తాది?" అన్నారు తహసీల్దారు సారు.

"సెకను కూడా పట్టదు సార్."

సారు ముఖం వెలిగిపోయింది. ఇలాంటి అధికారి దొరకడం మా పుణ్యం.

తొలి లబ్ధిదారు లిదియమ్మ. చెరువులో చేపలు పట్టి బతికే మనిషి. మనవరాలు అంజలికి హాస్టల్ సీటొచ్చింది. సాయంత్రం అయిదులోగా ఇన్‌కం సర్టిఫికెట్ ఇవ్వకపోతే అది పోతుంది. సారు స్వయంగా మౌస్ పట్టుకుని, బాణాన్ని నడిమధ్యన వదిలారు. చక్రం మూసుకుంది. అందరం చప్పట్లు కొట్టాం.

"కాగితమేది సారూ?"

"నీ అర్జీ ముగిసిందమ్మా. మళ్లీ పెట్టుకో."

ఆమె మళ్లీ పెట్టింది. మళ్లీ సెకనులో ముగిసింది. అయిదు దాటేలోగా ఆమెవే ఏడు అర్జీలు ముగిశాయి, ఊరందరివీ కలిపి నాలుగు వందలు.

పై వారమే సారుకు వేగానికి షీల్డు ఇచ్చారు. ఆ సభలో లిదియమ్మను నాలుగు ముక్కలు మాట్లాడమన్నారు. ఆమె మైకు పట్టుకుంది.

"బాగుండాది నాయనా. పోయినేడు మూడు నెలలు తిప్పి లేదన్నారు. ఈ యేడు సెకనులో లేదన్నారు. బిడ్డ ఆశపడేదానికి కూడా టైం లేకపోయె."

సారు కళ్లు తుడుచుకున్నారు. ఈ మాటలు ఒక్క అక్షరం పోకుండా పేపర్లో రావాలని నాకు చెప్పారు. వేశాను.