నొప్పి పట్టిక

సర్కారు ఒక ఉద్యోగికి కుర్చీ ఇస్తే కూర్చోమని అర్థం. సైకిలు ఇస్తే అర్థమేమిటో ఇంతవరకు ఏ ఉత్తర్వులోనూ వివరించలేదు.

అందుచేత చిక్కపేట వెనక సందులో ఉన్న చెన్నరాయప్ప ఇంట్లో ఆ సంగతి తేల్చే భారం ఇంటివాళ్ళ మీద పడింది. వాదన మొదలై అది మూడో రోజు. సైకిలు నడవాలో గోడకు ఆనుకుని ఉంది. దాని పక్కనే చెన్నరాయప్ప చాప మీద బోర్లా పడుకుని ఉన్నాడు.

"సీటుకు దిండు కట్టాల. బూరుగు దూది దిండు," అంది అతని తల్లి కెంపమ్మ.

"నిన్న కట్టినాము కదక్కా. దాని మీద దుప్పటి గూడా చుట్టినాము," అన్నాడు ఆమె తమ్ముడు ఓబళప్ప. "ఇంక కట్టాల్సింది సీటుకు కాదు, వీనికి. ఆముదం రాసి ఆకు కట్టు కట్టాల."

"అంత ఎత్తున కూచుంటే కాళ్ళు నేలకు అందలేదు మామా," అన్నాడు చెన్నరాయప్ప, చాపతో మాట్లాడుతున్నట్టు. "అందుకే సీటు అడుగంటా దించేసినా."

"దించినాక?"

"మోకాళ్ళు వచ్చి గడ్డానికి తగుల్తాండాయి."

వంటింటి గడప దగ్గర కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తూ సుబ్బలక్ష్మమ్మ అంతా వింటోంది. ఆ సభలో కోడలికి మాట్లాడే అధికారం లేదు (సభ్యులకు వడ్డించే బాధ్యత మాత్రం ఉంది). ఆమెకు కావలసింది ఒక్కటే. మొగుడు మళ్ళీ రికార్డు గదికి పోకూడదు. పన్నెండేళ్ళు ఆ గదిలో పాత కాగితాల దుమ్ము పీల్చిన మనిషి. చలికాలం వచ్చిందంటే పడుకోలేక, గోడకు ఆనుకుని కూర్చుని దగ్గుతూ ఊపిరి కోసం తన్నుకులాడేవాడు. అంతలో యుద్ధం వచ్చింది. యుద్ధంతో రేషన్ డిపోలు, డిపోలతో వాటిని తనిఖీ చేసే పని వచ్చాయి. పెట్రోలు రాలేదు గనక సైకిలు వచ్చింది. బయటి గాలి తగిలిన పది రోజులకే దగ్గు పోయింది. (పోలేదు, కిందికి దిగిందని ఓబళప్ప అభిప్రాయం.) మూడు నెలలు సరిగా సవారీ చేస్తే ఉద్యోగం ఖాయం. లేకపోతే మళ్ళీ అదే గది.

మర్నాడు బట్టలు ఉతికేటప్పుడు ఆమెకు సంగతి తెలిసింది. మొగుడి మూడు పంచెలూ ఒకేచోట అరిగి ఉన్నాయి, వెనక కచ్చ దోపుకునేచోట. గుడ్డను ఏడు మడతలు పెట్టి, తాడులా మెలితిప్పి దోపుకుని, ఆ మెలిక మీద కూర్చుని ఈ మనిషి రోజుకు ఆరు డిపోలు తిరుగుతున్నాడు. కింద ఎంత మెత్తగా వేస్తే అంత లోపలికి కూరుకుపోతున్నాడు. మెలిక అంత గట్టిగా గుచ్చుకుంటోంది.

ఆదివారం పొద్దున్నే ఆమె దిండూ దుప్పటీ ఊడదీసింది. సైకిలు షాపుకు పంపించి సీటు పైకెత్తించింది. పెడలు మీద మడమ పెడితే కాలు చక్కగా చాపుకోవాలి, అదీ కొలత. (కాలు ముడుచుకుని రుబ్బురోలు ముందు ఒక పూట కూర్చున్న ఏ ఆడదానికైనా ఈ శాస్త్రం తెలుసు. సర్కారు రోలు ముందు ఎప్పుడూ కూర్చోలేదు.) తరవాత పెట్టెలోంచి ఒక పైజామా తీసింది.

"పైజామానా!" అంది కెంపమ్మ. "కచ్చ లేకుండా మొగోడు కచేరికి పోతాడా?"

"పోయి తిరిగొస్తే చాలత్తా."

ఆ రోజు లాల్‌బాగ్ గేటు దాకా పోయి రావడం, అంతే. సోమవారం నుంచి డిపోలు. తొక్కేటప్పుడు చేతులు బిగబట్టొద్దని, మధ్య మధ్య దిగి నాలుగడుగులు వేయమని చెప్పి పంపింది. రెండో వారం గురువారానికి చెన్నరాయప్ప ఆరు డిపోలూ తిరిగొచ్చి, కాళ్ళు కడుక్కుని, పీట మీద మామూలు మనిషిలా కూర్చున్నాడు.

కెంపమ్మ కొడుకుని ఎగాదిగా చూసింది. "ఒరే నాయనా, నిజం చెప్పు. పనికి పోయినావా లేదా?"

తల్లికి వచ్చిన అనుమానమే ఆఫీసుకూ వచ్చింది. శనివారం సాయంత్రం సవారీ పర్యవేక్షకులు వెంకటగిరియప్ప గారు స్వయంగా ఇంటికి విచ్చేశారు. ఆయన జట్కాలో వస్తారు. సైకిళ్ళ విషయంలో తీర్పు చెప్పవలసినవారికి సైకిలుతో సొంత సంబంధం ఉండకూడదని నియమం. చంకలో నొప్పి పట్టిక ఉంది. కొత్తగా సైకిలెక్కిన ప్రతి ఉద్యోగీ ఒంట్లో ఎక్కడెక్కడ ఎంత నొప్పో వారం వారం దాంట్లో రాసి రెండు ప్రతులు ఇవ్వాలి.

"ఏమప్పా చెన్నరాయప్పా, ఈ వారం అన్నీ సున్నాలే ఉండాయే?"

"నొప్పి లేదు స్వామీ."

"నొప్పి లేకుండా ఎట్ల తొక్కితివి?"

"సీటు పైకెత్తినాము స్వామీ. పైజామా..."

వెంకటగిరియప్ప గారు చెయ్యి పైకెత్తారు. ఆయన మంచి మనిషి, కోపం తెచ్చుకోలేదు. "చూడప్పా. సైకిలుకు మైళ్ళు లెక్కబెట్టే గడియారం లేదు. మనిషికి ఉండాది. నడుము సలిపితే నాలుగు మైళ్ళు. మోకాళ్ళు పట్టేస్తే ఆరు. కూచోలేకపోతే ఎనిమిది. ఇది పైనుంచి వచ్చిన లెక్క. నీకు సున్నా, అంటే నువ్వు ఇల్లు కదల్లేదు."

"డిపోల్లో నా సంతకాలుండాయి కదా స్వామీ!"

"సంతకం ఎవరైనా చేస్తారు. ఒకరి నొప్పి ఇంకొకరు పడతారా?"

తలుపు చాటున కాఫీ లోటాతో నిలబడిన సుబ్బలక్ష్మమ్మ ఉండబట్టలేకపోయింది. "వీధిలో తొక్కి చూపిస్తే ఒప్పుకుంటారా స్వామీ?"

"చూపిస్తే చూపించినట్ల అవుతాదమ్మా. తొక్కినట్ల కాదు." ఆయన కాఫీ అందుకున్నారు. "బొమ్మసంద్ర రోడ్డు చూసే మునినారాయణప్పను చూడండి. మూడు నెలలుగా నిలబడే భోంచేస్తాండాడు. పోయిన వారమే ఖాయం చేసినాము. ఏం సవారీ, ఏం సవారీ! ఇప్పుడు సెలవు మీద ఉండాడు, లేవలేడు."

వెంకటగిరియప్ప గారు కాఫీ తాగి లోటా కింద పెట్టారు.

"నీకు రెండు వారాలు గడువిస్తాను. అప్పటికీ ఏమీ కనపడకపోతే దిగులు పడొద్దు. రికార్డు గదిలో నీ కుర్చీ అట్లనే ఉండాది. నీడ పట్టున పని."

జట్కా వీధి మలుపు తిరిగింది. చెన్నరాయప్ప ఒక్కసారి గట్టిగా ఊపిరి పీల్చి వదిలాడు. అది ఎక్కడా అడ్డు పడకుండా లోపలికి పోయి బయటికి వచ్చింది. సుబ్బలక్ష్మమ్మ ఆ చప్పుడే విన్నది. మోకాలు నొప్పి పెట్టినా మనిషి పడుకుంటాడు. ఊపిరి అందకపోతే పడుకోడు.

భోజనాల దగ్గర మళ్ళీ సభ కూడింది. పర్యవేక్షకుల వారిని ఓబళప్ప ఒకసారి సైకిలెక్కించి చూడాలన్నాడు. నొప్పులు లేకపోయినా ఉన్నాయని రాసేస్తే పోలేదా అంది కెంపమ్మ. అబద్ధం రాస్తే ఆఫీసు డాక్టరు నొక్కి చూస్తాడన్నాడు చెన్నరాయప్ప. పిల్లలిద్దరూ అమ్మ మొహం చూశారు.

సుబ్బలక్ష్మమ్మ అందరికీ చారు వడ్డించి, గరిటె గిన్నెలో పెట్టి, మెల్లగా చెప్పింది.

"రేపు పొద్దున సీటు మళ్ళీ దించుతాండాము. బుధవారానికి మోకాళ్ళు పట్టేస్తాయి. ఉద్యోగం ఖాయమయ్యే దాకా ఈ ఇంట్లో ఎవరూ ఆయనకు నయం చేయగూడదు."